4.3 వృత్తంపై బిందువులు: పట్టిక నుంచి ప్రోగ్రాముకు

వ్యాసార్ధాన్ని కోణపు కొసైన్‌తో గుణిస్తే బిందువు అడ్డు నిరూపకం, సైన్‌తో గుణిస్తే నిలువు నిరూపకం వస్తాయని గత విభాగంలో తెలుసుకున్నారు. ఈ లెక్క వివిధ కాలాల్లో ఎలా సాగిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

4.3.1 ఒకే కొలత: క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 24 అర్ధజ్యల భేదాలు ఉన్నాయి. వృత్తపరిధిని 21,600 కళలుగా తీసుకుంటే వ్యాసార్ధం సుమారు 3,438 కళలు అవుతుంది. చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే ప్రమాణంతో కొలవడం వల్ల 225 కళల చాపానికి అర్ధజ్య కూడా 225గానే వచ్చింది. నేటి రేడియన్‌లోనూ ఉన్నది ఈ ఆలోచనే: చాపం పొడవును వ్యాసార్ధంతో కొలవడం.

4.3.2 భాషలు, యంత్రాలు: 1957లో వచ్చిన ఫోర్ట్రాన్‌లో సైన్, కొసైన్ ప్రమేయాలు సిద్ధంగా ఉండేవి. వాటికి కోణాన్ని రేడియన్లలో ఇవ్వాలి. సీ, పైథాన్ భాషలు కూడా ఇదే పద్ధతిని పాటిస్తాయి. పిల్లల కోసం 1967లో రూపొందిన లోగో భాష మాత్రం డిగ్రీలను ఎంచుకుంది. అందులో తాబేలు ఒక అడుగు వేసి ఒక డిగ్రీ తిరుగుతూ, ఇలా 360 సార్లు చేస్తే వృత్తంలా కనిపించే 360 భుజాల బహుభుజి ఏర్పడుతుంది. ఇక్కడ సైన్ పేరెత్తే అవసరమే లేదు.

సైన్ లెక్కించడం ఆనాటి యంత్రాలకు భారమైన పని. అందుకే 1977లో బ్రెసెన్‌హామ్ ప్రచురించిన పద్ధతి పూర్ణాంకాల కూడికలు, తీసివేతలు, గుర్తు పరీక్షలతోనే తరువాతి బిందువును ఎంచుకుంటుంది. ఒక పాదాన్ని లెక్కిస్తే, మిగతా మూడు గుర్తుల మార్పుతో వస్తాయి.

4.3.3 జాగ్రత్త: వ్యాసార్ధం 10, కోణం 30 డిగ్రీలు అనుకోండి. సరైన బిందువు (8.66, 5). పైథాన్‌లో 30ని మార్చకుండా అలాగే ఇస్తే (1.54, −9.88) వస్తుంది. ఈ తప్పు బిందువు కూడా అదే వృత్తంపై ఉంటుంది! అందువల్ల బొమ్మ చూసి పొరపాటును పట్టుకోవడం కష్టం. ముందుగా 90 డిగ్రీల వంటి జవాబు తెలిసిన కోణంతో సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. భాష మారినప్పుడు సూత్రం మారదు, కొలత మారవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. అర్ధజ్యల పట్టికకూ రేడియన్‌కూ ఉన్న పోలిక ఏమిటి?
2. తప్పు కొలతతో వచ్చిన బిందువు కూడా వృత్తంపైనే ఎందుకు ఉంటుంది?