రోడ్డు మరమ్మతులు మొదలయ్యే ముందు పక్క పొలాల రైతులు చూసుకోవలసినవి

మీ పొలం పక్క రోడ్డుకు ఈ వేసవిలో మరమ్మతు ఉందంటే మంచిదే. కానీ ఈ ఒక్క పనినే చూడకండి. పది పదిహేనేళ్లుగా అదే రోడ్డు మీద జరిగిన పనులన్నిటితో కలిపి చూడండి. దేనికది చిన్నదే, నష్టం మాత్రం పోగవుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో హైవేల నిర్మాణం, విస్తరణ ఉన్నాయి. ఊరి రోడ్డు మరమ్మతు లేదు. కాబట్టి ఆ అంచనా మనమే వేసుకోవాలి.

ముఖ్యమైనది నీరు. పాత పొర తీయకుండా ప్రతిసారీ 5 సెంటీమీటర్లు పైన వేస్తే నాలుగు సార్లకు రోడ్డు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు లేస్తుంది. ఇదివరకు రోడ్డు మీదుగా పొర్లిపోయిన వాననీరు ఇప్పుడు ఎగువ చేలో నిలుస్తుంది. పైగా తారు నీటిని పీల్చదు. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డు కిలోమీటరు పొడవున, 10 మిల్లీమీటర్ల వానకే 37,500 లీటర్లు పక్కలకు వదులుతుంది. సైడు కాలువ పూడి, తూము మట్టితో మూసుకుపోతే ఆ నీరంతా చేలోకే. వరి ఓర్చుకుంటుంది గాని కంది, మిరప, మొక్కజొన్న వేర్లకు గాలి అందక రెండు మూడు రోజుల్లో వడలిపోతాయి. అది ఎండుతెగులనుకుని మందులు పోసిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

పనికి ముందే పొలానికి అటూ ఇటూ అర కిలోమీటరు నడవండి. తూములెన్ని, ఏవి పూడాయి, నీరు ఎటు పోవాలి అని కాగితం మీద గీసుకోండి. పాత తూములు ఎక్కడుండేవో ఊళ్లో పెద్దవాళ్లనడగండి, వాళ్లకే తెలుస్తుంది. తేదీ పడేలా ఫోన్‌లో ఫొటోలు తీయండి.

బెర్ముల కోసం మీ గట్టు పక్క మట్టి తవ్వనివ్వకండి. ఆ గుంతల్లో నీరు నిలిచి గట్టు జారుతుంది. కంకర దుమ్ము పడిన మిరప, కూరగాయల ఆకులపై నల్లి పెరుగుతుంది. రోజూ రోడ్డు తడపమని కాంట్రాక్టరును అడగండి.

మీరు గీసిన పటం, ఫొటోలతో పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బి ఏఈకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పక్క రైతుల సంతకాలూ పెట్టించండి. ఎస్టిమేట్ కాపీని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందుకే జనవరిలోనే మొదలుపెట్టండి. రోలర్ దిగాక తూము అడిగితే ఎస్టిమేట్‌లో లేదంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే, కట్టిన అయిదేళ్లదాకా నిర్వహణ ఆ కాంట్రాక్టరుదే. జూన్ తొలి వానకు మళ్లీ ఒకసారి నడిచి, నీరు నిలిచినచోటల్లా ఫొటో తీసి ఏఈకి పంపండి.