ఇంటి నిండా మనుషులున్నా ఒంటరితనమే: వరాఛా వృద్ధులకు కావలసినదేమిటి?

సూరత్ నగరంలో తాపీ నదికి చేరువగా ఉన్న వరాఛా ప్రాంతం వజ్రాల సానకు ప్రసిద్ధి. ఇక్కడి కుటుంబాలలో అత్యధికం సౌరాష్ట్రలోని అమ్రేలీ, భావనగర్, జూనాగఢ్ వంటి జిల్లాల నుంచి వలస వచ్చినవే. మొదట యువకులు వచ్చారు. పని కుదురుకున్నాక భార్యాబిడ్డలను తెచ్చుకున్నారు. ఊళ్లో సేద్యం చూసుకునే ఓపిక తగ్గాక తల్లిదండ్రులు చివరగా వచ్చారు. నగర జీవితానికి అలవాటుపడడం అందరికంటే వీరికే కష్టం. కొడుకు కార్ఖానాకు, కోడలు పనికి, మనవలు బడికి వెళ్లిపోయాక పగలంతా నాలుగు గోడల మధ్యనే గడుస్తుంది. తిండికి, బట్టకు లోటుండదు. పలకరించే మనిషికే కరువు.

ఒంటరితనం అంటే ఏమిటి?

ఒంటరిగా ఉండడం వేరు, ఒంటరితనం వేరు. రాకపోకలు, పరిచయాలు తగ్గిపోవడాన్ని సామాజిక ఏకాకితనం అంటారు. కోరుకున్న ఆప్యాయతకు, లభిస్తున్న ఆప్యాయతకు మధ్య ఏర్పడే వెలితి ఒంటరితనం. ఒక్కరే జీవిస్తూ సంతృప్తిగా ఉన్నవారు ఉన్నారు. పదిమంది ఉన్న ఇంట్లో మాట పంచుకునే తోడు లేక కుంగిపోయేవారూ ఉన్నారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక సంబంధాల కమిషన్ 2025 జూన్‌లో వెల్లడించింది. దీనితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 వరకు ఉంటాయని, అంటే గంటకు సుమారు 100 అని అంచనా వేసింది. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, మానసిక కుంగుబాటు ముప్పు దీనివల్ల పెరుగుతుంది. మతిమరుపు వ్యాధికి దారితీసే, నివారించదగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొంది. సామాజిక ఏకాకితనం, వినికిడి లోపం రెండూ వాటిలో ఉన్నాయి. 2011 జనగణన నాటికే భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10.38 కోట్లు. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటికో పరిమితమైన సమస్య కాదు.

పోయింది ఊరు కాదు, గుర్తింపు

తెలుగు పల్లెకు రచ్చబండ ఎలాంటిదో సౌరాష్ట్ర పల్లెకు చోరో అలాంటిది. అక్కడ కూర్చున్న పెద్దమనిషి పేరు, వంశం, పొలం అందరికీ తెలుసు. వానల గురించి, పంట ధర గురించి, పెళ్లి సంబంధం గురించి ఆయన మాటకు విలువ ఉండేది. వరాఛాకు వచ్చాక ఆయన ఫలానా అంతస్తులో ఉండే ఫలానావారి తండ్రి మాత్రమే. వలస వచ్చిన వృద్ధులు కోల్పోయేవాటిలో ఈ గుర్తింపే పెద్దది.

వజ్రాల పనిలోనే వయసు మీరినవారి స్థితి మరొక రకం. సానపట్టే చక్రాన్ని ఇక్కడ ఘంటి అంటారు. దాని చుట్టూ కలిసి కూర్చుని పనిచేసేవారి మధ్య ఏళ్ల తరబడి స్నేహం పెనవేసుకుంటుంది. చూపు మందగించి ఘంటి వదిలిన రోజున సంపాదనతోపాటు ఆ సావాసమూ పోతుంది.

స్త్రీల ఒంటరితనం ఇంటిపనిలో కలిసిపోయి బయటికి కనిపించదు. వితంతువులకు భజన మండలి, సత్సంగం వంటివే ఇల్లు దాటడానికి ఆధారం. మోకాళ్ల నొప్పివల్లనో, లిఫ్టు లేకపోవడంవల్లనో అవి ఆగిపోతే లోకంతో ఉన్న దారి మూసుకుపోయినట్లే.

బాంకడా నేర్పే పాఠం

గుజరాత్ నగరాలలో గృహ సముదాయాల ముంగిట, వీధి మలుపుల్లో సిమెంటు బల్లలు కనిపిస్తాయి. వాటిని బాంకడా అంటారు. సాయంత్రం అదే వేళకు, అదే బల్లపై, అదే నలుగురు చేరుతారు. ఒకరు రెండు రోజులు కనిపించకపోతే మూడోవారు ఇంటికి వెళ్లి అడుగుతారు. పెద్దగా ఖర్చు లేని ఈ ఏర్పాటులో మూడు ముఖ్యాంశాలు ఉన్నాయి: నిర్ణీత స్థలం, నిర్ణీత సమయం, రాకపోతే ఆరా తీసే మనిషి. ఏడాదికొకసారి జరిగే సన్మాన సభకంటే ప్రతిరోజూ దొరికే అరగంట కబురు వృద్ధులకు ఎక్కువ మేలు చేస్తుంది.

వలస కుటుంబాలకు సొంత ఊరితో బంధం తెగకపోవడమూ ముఖ్యమే. 2020 నవంబరు 8న ప్రారంభమైన హజీరా–ఘోఘా ఓడ సర్వీసు 370 కిలోమీటర్ల రోడ్డు దూరాన్ని 90 కిలోమీటర్ల సముద్ర మార్గంగా తగ్గించింది. పది పన్నెండు గంటల ప్రయాణాన్ని దాదాపు నాలుగు గంటలకు కుదించింది. దీపావళికే కాక మధ్యలోనూ పెద్దలను ఊరికి తీసుకువెళ్లడానికి ఇది అనువైన మార్గం.

భాష తెలియని చోట

నగర ఆగ్నేయ మండలంలోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఉన్నాయి. సూరత్ నగరపాలక ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉండడం ఈ వలస విస్తృతిని సూచిస్తుంది. వరాఛాలోని సౌరాష్ట్ర వృద్ధులకు కనీసం వీధి భాష తమదే. తెలుగు వృద్ధులకు ఆ అండ కూడా ఉండదు. గుజరాతీ, హిందీ రాకపోతే వైద్యుడితో బాధ చెప్పుకోవడానికైనా మనవడు తోడు రావలసిందే. కులసంఘ సమావేశాలు, బతుకమ్మ ఆటలు ఇలాంటివారికి కాలక్షేపాన్ని మించిన ఆసరా. ఆకాశవాణి తెలుగు ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో లభిస్తాయి. వాటిని ఫోనులో అమర్చి ఇచ్చి, తరువాత ఏం విన్నారని అడిగితే సంభాషణకు దారి దొరుకుతుంది.

కుటుంబం గమనించవలసినవి

రోజూ వెళ్లే చోటికి వెళ్లడం మానేయడం, పగలంతా పడుకోవడం, ఆకలి తగ్గడం, చిన్న నొప్పికే పదేపదే ఆసుపత్రికి వెళ్దామనడం, శుభ్రతపై శ్రద్ధ తగ్గడం ఒంటరితనానికి సూచనలు కావచ్చు. వినబడకపోవడంవల్ల కూడా కొందరు మాటలకు దూరమవుతారు. కాబట్టి చెవి, కంటి పరీక్షలు ముందుగా చేయించాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభించింది.

ఊరి నుంచి పెద్దలు వచ్చిన తొలి వారాల్లోనే ఇరుగుపొరుగు పెద్దలకు స్వయంగా పరిచయం చేయాలి. "మీరు విశ్రాంతి తీసుకోండి" అని అన్ని పనుల నుంచి తప్పిస్తే తమ అవసరం తీరిపోయిందని వారు భావించవచ్చు. పాలు తేవడం, మనవడిని బడి నుంచి తీసుకురావడం, సముదాయం లెక్కలు చూడడం వంటి నిజమైన బాధ్యత ఏదైనా అప్పగించాలి. ఇంటి నిర్ణయాలలో వారి సలహా అడగాలి. దూరాన ఉన్న సంతానం వారంలో నిర్దిష్టమైన వేళకు ఫోను చేయడం మంచిది. ఎదురుచూడడానికి ఒక వేళ ఉండడం కూడా ఊరటే.

జీవిత భాగస్వామిని కోల్పోయినవారు మళ్లీ తోడు కోరుకుంటే దాన్ని చిన్నచూపు చూడరాదు. హైదరాబాద్‌లో 2010లో ఆరంభమైన తోడు–నీడ సంస్థ ఇటువంటివారికి పరిచయ వేదికగా నిలిచింది.

సహాయం ఎక్కడ?

వృద్ధుల కోసం జాతీయ సహాయవాణి ఎల్డర్ లైన్ 14567. ప్రతిరోజూ ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు ఉచితంగా పనిచేస్తుంది. పింఛను, న్యాయ సలహా, వేధింపుల విషయాలతోపాటు మనసు విప్పి మాట్లాడుకోవడానికీ దీనికి ఫోను చేయవచ్చు. మానసిక ఆందోళన తీవ్రమైతే టెలీ మానస్ 14416కు రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగును ఎంచుకునే వీలుంది. ఒంటరి వృద్ధులకు మాటలు కలిపి డబ్బు కాజేసే సైబర్ మోసాలపై 1930కి వెంటనే ఫిర్యాదు చేయాలి.

ఈ నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి వృద్ధుల మంచం పక్కన అంటించాలి. దాని కింద పక్కింటివారి నంబరు కూడా రాయాలి. ఆపదలో ముందుగా తలుపు తట్టగలిగేది వారే.