తారా, ఉత్తరమా?

కొండకల్ అంటే ఇప్పుడు అందరూ రైలుపెట్టెల ఫ్యాక్టరీ గురించే అడుగుతారు. అది వచ్చింది మొన్న, 2023లో. అంతకు ముందు నలభై ఏండ్లు ఈ దారుల్లో పత్తిచేల నడుమ సైకిల్ తొక్కుతూ టపా పంచినవాణ్ణి నేను. పొద్దున శంకర్‌పల్లి పోయి సంచి తెచ్చుకోవడం, ఎండెక్కకముందే ఊళ్లు తిరగడం. ఇదీ నా నౌకరీ.

నేను తిరిగే ఊళ్లలో మిలిట్రీ ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాళ్ల చిరునామాలో ఊరు పేరు ఉండేది కాదు. నంబరు, పేరు, పటాలం, కింద 56 ఏపీఓ, లేకుంటే 99 ఏపీఓ. తూర్పు దిక్కుంటే 99. కొడుకు ఏ కొండ మీదున్నాడో తల్లికి తెలియదు, ఏ దిక్కునున్నాడో మాత్రం నేను చెప్పగలిగేవాణ్ణి. ఆ ఇళ్లకు నెలనెలా మనీఆర్డరు వచ్చేది. ఆ ఫారం చివర రెండు మాటలు రాసుకునే జాగా ఉండేది. పైసలు లెక్కపెట్టుకోకముందే "ఏం రాసిండో జర సదువు బిడ్డా" అనేవాళ్లు.

నన్ను చూసి సంతోషపడేవాళ్లూ, భయపడేవాళ్లూ ఆ ఇళ్లలోనే. ఖాకీ సంచి కనబడగానే ఒక ముసలమ్మ అరుగు మీది నుంచి లేచి నిలబడి "తారా, ఉత్తరమా?" అని అడిగేది. మా దిక్కు టెలిగ్రామును తారు అనేవాళ్లు. ఆమె అడగకముందే గల్లీ మలుపులోనే "ఉత్తరమే!" అని కేకేయడం నాకు అలవాటైపోయింది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మా తాత కాలంలో ఇది నిజాం ఇలాకా, స్టాంపులూ నిజాంవే, 1950లో గానీ ఇక్కడి టపా దేశంలో కలవలేదు. ఆ నిజాం గుర్రపు దళం లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా పోయారు. తర్వాత 1962, 1965, 1971. ఆ యుద్ధాల్లో పోయిన చాలామందికి సరిహద్దు దగ్గరే చితి పేర్చారు. ఇంటికొచ్చింది తారు, ఆ వెనక ట్రంకుపెట్టె. ముఖం చూడని చావును ఇల్లు సగమే నమ్ముతుంది.

1999 కార్గిల్‌తో ఈ రివాజు మారింది. జెండా కప్పిన పెట్టెలు ఊళ్లకే రావడం మొదలైంది. ఆ యుద్ధంలో 527 మంది పోయారు. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న నేలకొరిగాడు, అప్పటికి పుట్టినరోజు దాటి వారం. అంతకు తొమ్మిది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశాడు. కడుపుతో ఉన్న కోడలికి రోజుకొక భారతకథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బుతాయని. అలాంటి ఉత్తరం అందించే చేతులు నావి కానందుకు నేను అదృష్టవంతుణ్ణే.

తర్వాత 2020. మృగశిర వెళ్తోంది, ఊరంతా పత్తిగింజలు పెట్టే పనిలో ఉంది, మూతులకు మాస్కులు. జూన్ 16 మధ్యాహ్నం టీవీలో చైనా సరిహద్దు గల్వాన్‌లో ముగ్గురు పోయారన్నారు, రాత్రికి ఇరవై అన్నారు. తూటా పేలలేదట, రాళ్లూ ఇనుప కడ్డీలట. ముందు నిలబడ్డ 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. మరునాడు రాత్రి హకీంపేటలో విమానం దిగింది, 18న కేసారంలో దహనం. కరోనా కట్టడి లేకుంటే మా ఊరి నుంచి కూడా జనం పోయేవాళ్లు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం నిలిచింది. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు, భార్యకు డిప్యూటీ కలెక్టర్ కొలువు ఇచ్చారు.

ఇవన్నీ చేయవలసినవే. నా మనసుకు తాకింది మాత్రం ఇంకొకటి. తక్కిన పందొమ్మిది మంది మన రాష్ట్రం వాళ్లు కారు. అయినా వాళ్ల ఇళ్లకు తలా పది లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రకటించింది. 2022లో రాంచీ పోయి, పాట్నా పోయి చెక్కులు చేతికిచ్చారు. రాజకీయం అన్నవాళ్లున్నారు, ఉండొచ్చు. నేను మనీఆర్డర్లు పంచినవాణ్ణి కాబట్టి నా లెక్క వేరు. చావు కబురు ఒక్కరోజే వస్తుంది. మనీఆర్డరు రాకపోవడం మాత్రం నెలనెలా తెలుస్తూనే ఉంటుంది.

గల్వాన్‌కు ముందే, 2013 జూలైలో తార్లు ఆపేశారు. ఆ కబురు చెబితే మా ముసలమ్మ బోసినోటితో నవ్వి "ఇగ నీతోని భయం లేదు పో" అంది. తర్వాత ఆమె కొడుకు పింఛనుతో తిరిగొచ్చాడు, మనవడు పటాలంలో చేరాడు. గల్వాన్ కబురొచ్చిన రాత్రి ముసలమ్మ చీకట్లో కర్ర ఊతంగా మా ఇంటికొచ్చింది. చీరకొంగులో చుట్టిన ఫోను మోగుతూనే ఉంది. "నువ్వే చూడు బిడ్డా" అని నా చేతిలో పెట్టి మొగం తిప్పుకుంది.

తెర మీద మనవడి పేరే ఉంది. ఎత్తాను. అవతల గొంతు వాడిదే.

"ఉత్తరమే పెద్దమ్మా" అన్నాను.