సైకిల్ మీద మన సంస్థానాలు

పెద్ద నగరాల్లో ఒక పద్ధతి ఉన్నది. ఆమ్‌స్టర్‌డాం వంటి చోట్ల గైడు సైకిల్ మీద ముందు పోతాడు, యాత్రికులు సైకిళ్ల మీదే వెనుక వస్తారు. మలుపు మలుపునా దిగి ఆ చోటి చరిత్ర వింటారు. బస్సులో పోతే సందులు కనబడవు, నడిచిపోతే పొద్దు చాలదు. మన గద్వాలకు ఈ సవారి సరిగ్గా సరిపోతుంది.

మొదటి మజిలీ కోట. 17వ శతాబ్దంలో పెద సోమభూపాలుడు కట్టించినాడు. జనం నోట ఆయన సోమనాద్రి. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉన్నది. ఇక్కడి ప్రభువులు నిజాం సర్కారుకు పేష్కష్ చెల్లిస్తూ తమ ఇలాకాను తామే ఏలుకున్నారు. కవి పండితులను ఆదరించినందుకే 'విద్వద్గద్వాల' అని పేరు వచ్చింది. చివరగా ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో నేడు డిగ్రీ కాలేజీ ఉన్నది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ వెనుకే సంస్థానాల పాలనా ముగిసింది.

రెండో మజిలీ మగ్గాల వీధులు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడం ఇక్కడి పనితనం. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు ఈ మగ్గాల మీదనుంచే పోతాయి.

వనపర్తిలోనూ ఇట్లాగే తిరగవచ్చు. అక్కడి రాజమహలులో 1959లో పాలిటెక్నిక్ పెట్టినారు. 19వ శతాబ్దంలో ఆ సంస్థానాధీశుడు మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా రౌతులతో ఒక దళం ఏర్పరచినాడు. తరువాత అది నిజాం ఫౌజులో చేరింది. హైదరాబాద్‌లో ఏ.సి. గార్డ్స్ బస్తీకి ఆ పేరు 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' నుంచే వచ్చింది.

ఇంత చెప్పడానికి కారణమున్నది. మా బడి పిల్లలు కొందరు "ఆ కోట మనది కాదు సార్" అంటారు. ఎట్లా కాదు? పట్టా, పహాణీ, సేత్వార్, తహసీల్ అనే మాటలు ఇక్కడ ప్రతి రైతు నోటా ఉన్నాయి. నిజాం కాలపు కాగితాలు ఏ మతం వారి ఇంట చూసినా ఉర్దూలో ఉంటాయి. వాటిని చదవగలిగే వారు నానాటికి తగ్గిపోతున్నారు. మన పిల్లలకు ఆ లిపి వచ్చు.

కాబట్టి సంఘం పెద్దలకు నా మనవి: ఏడాదికి ఒక ఆదివారం, పది సైకిళ్లు. దారి చూపడానికి ఒక ముసలి నేతగాడు, పాత కాగితం చదివి తెలుగులో చెప్పడానికి ఉర్దూ మీడియం పిల్లవాడో పిల్లో. మన పిల్లలతో పాటు ఊరి పిల్లలందరినీ పిలుద్దాం.