పారితేవాడి మాస్టారు

2009. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా, మాఢా తాలూకా, పారితేవాడి. ఒకపక్క పశువుల కొట్టం, ఇంకోపక్క సామాన్లు పడేసే గది, మధ్యలో శిథిలమైన చిన్న కట్టడం. అదే ఆ ఊరి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇరవై ఏళ్లు దాటిన కుర్ర మాస్టారు ఆ బడిలో ఉద్యోగానికి చేరారు. పేరు రంజిత్‌సింహ్ దిసాలే.

నిజానికి ఆయన టీచరు కావాలనుకోలేదు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్దామని ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, అక్కడ ఇమడలేక మధ్యలోనే వచ్చేశారు. టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లమన్నది తండ్రి. మొదట మనసొప్పకపోయినా, లోకాన్ని మార్చే పని టీచర్లదేనని ఆ శిక్షణలోనే తెలుసుకున్నానని ఆయన తర్వాత చెప్పుకొన్నారు.

బడి సంగతి అలా ఉంటే, పిల్లల సంగతి మరోలా ఉంది. చాలామంది ఆడపిల్లలు బడికే రావడం లేదు. ఊళ్లో చిన్న వయసు పెళ్లిళ్లు మామూలే. వచ్చిన పిల్లలకైనా పాఠం బుర్రకెక్కడం లేదు. కర్ణాటక సరిహద్దు జిల్లా అది. ఆడపిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం, చేతిలో ఉన్న వాచకం వేరే భాషది. అమ్మతో ఒక మాట, పుస్తకంతో ఇంకో మాట అయితే ఆరేళ్ల పిల్ల ఏం చదువుతుంది?

మాస్టారు పిల్లల్ని తప్పుపట్టలేదు. తానే ఆ ఊరికి మకాం మార్చి కన్నడం నేర్చుకున్నారు. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పుస్తకాలను పిల్లల భాషలోకి తెచ్చారు. అక్కడితో ఆగలేదు. పుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ అచ్చు వేశారు. పిల్ల ఫోను తీసి ఆ నలుపు తెలుపు చదరం మీద పెడితే చాలు. పద్యం వినిపిస్తుంది, పాఠం వీడియోలో కనిపిస్తుంది, కథ మొదలవుతుంది, చేయాల్సిన లెక్కలు ఎదురుగా వస్తాయి. అయ్యవారు పక్కన లేకపోయినా పాఠం ఆగదు.

ఊరు మారింది. ఆడపిల్లల హాజరు నూటికి నూరు శాతానికి చేరిందని, చిన్న వయసు పెళ్లిళ్లు ఆగిపోయాయని తర్వాత ఆయనకు దక్కిన అవార్డు ప్రశంసా పత్రం ప్రత్యేకంగా పేర్కొంది. ఆ బడి నుంచి వెళ్లిన ఒక అమ్మాయి యూనివర్సిటీ డిగ్రీ అందుకుంది. ఆ పల్లెలో అంతకుముందు ఎవరూ ఊహించని సంగతి అది.

పద్ధతి కూడా ఊరు దాటింది. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం అన్ని తరగతుల పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టాలని నిర్ణయించింది. 2018లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనూ వస్తాయని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఈ కోడ్‌ల వెనక ఉండే డిజిటల్ పాఠాల వేదిక దీక్షాను 2017 సెప్టెంబర్ 5న ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన వెంకయ్యనాయుడు గారే. ఇవాళ మన పిల్లల వాచకాల్లోనూ ఆ చదరాలు కనిపిస్తున్నాయి.

2020 డిసెంబర్ 3. కరోనా రోజులు. వర్కీ ఫౌండేషన్ యునెస్కోతో కలిసి ఇచ్చే గ్లోబల్ టీచర్ ప్రైజ్ ప్రకటించే వేళ. 140కి పైగా దేశాల నుంచి 12 వేలకు పైగా నామినేషన్లు వచ్చాయి. చివరికి పదిమంది మిగిలారు. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నుంచి నటుడు స్టీఫెన్ ఫ్రై తెర మీదకు వచ్చారు. ఇక్కడ తల్లిదండ్రుల పక్కన దిసాలే కూర్చుని చూస్తున్నారు. ఫ్రై నోట ఆయన పేరు వినిపించింది. ఇల్లంతా కేరింతలు.

బహుమతి పది లక్షల డాలర్లు. అప్పటి లెక్కన ఏడు కోట్ల రూపాయలకు పైనే. జిల్లా పరిషత్ బడి మాస్టారికి అది ఎన్ని జీవితాల జీతం! ఆయన మాత్రం అందులో సగం మిగిలిన తొమ్మిదిమందికీ పంచేస్తానన్నారు. ఒక్కొక్కరికి సుమారు 55 వేల డాలర్లు. మలేసియాలో ఒరాంగ్ అస్లీ ఆదివాసీ పిల్లలకు పాఠాలు చెప్పే శామ్యూల్ ఇసయా, వియత్నాం పిల్లలకు ఇంగ్లీషు నేర్పే హా అన్ ఫుయోంగ్, నైజీరియా ప్రభుత్వ బడి టీచరు ఒలాసుంకన్మి ఒపెయిఫా, ఇలా తొమ్మిదిమందికీ వాటా దక్కింది. ఇవ్వడాన్నీ పంచుకోవడాన్నీ టీచర్లు ఎప్పుడూ నమ్ముతారన్నది ఆయన చెప్పిన కారణం. ఆ బహుమతి చరిత్రలో అలా పంచిన విజేత అంతకుముందు లేరు.

సోలాపూర్ మనకు పరాయి ఊరు కాదు. తరతరాల కిందట మగ్గాలు పట్టుకుని వెళ్లిన తెలుగు పద్మశాలీలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పారితేవాడి కష్టం కూడా మనకు తెలిసినదే. శ్రీకాకుళం కొండల్లో సవర పిల్లలు, ఆదిలాబాద్ గూడేల్లో గోండి, కొలామీ మాట్లాడే పిల్లలు తెలుగు వాచకం ముందు ఇలాగే నోరు మెదపలేక కూర్చున్నారు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. అలాంటి బడుల్లో పిల్లల మాట నేర్చుకుని పాఠం చెప్పే అయ్యవార్లు, అమ్మగార్లు ఇవాళా ఉన్నారు. వాళ్లలో చాలామంది పేరు ఏ జాబితాలోకీ రాలేదు.

మన దగ్గర ఏటా సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజున జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో ఉత్తమ ఉపాధ్యాయ అవార్డులు ఇస్తున్నాం. జాతీయ అవార్డు 1958 నుంచి ఉంది. 2018 నుంచి టీచర్లు సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ దాటి జాతీయ జ్యూరీ ముందుకు వెళ్లాలి. అంటే మొదటి మెట్టు జిల్లాయే. అక్కడ ఫైలు కాదు, తరగతి గది చూడాలి. రెండో తరగతి పిల్లను లేపి చదివించి చూడాలి.

జిల్లా విద్యాశాఖాధికారులకు ఒక విన్నపం. శాలువా, జ్ఞాపిక ఇచ్చి పంపేయకండి. అవార్డు పొందిన ప్రతి టీచరు తన తరగతిలో ఏం చేశారో రాయించి, ఆ పద్ధతిని మండలాల్లోని తోటి టీచర్లకు చేర్చండి. దిసాలే డబ్బు పంచారు. మనం కనీసం పద్ధతి పంచుకుందాం. పాఠకులారా, మీ ఊరి బడిలో అలాంటి మాస్టారో టీచరమ్మో ఉంటే వచ్చే సెప్టెంబర్ దాకా ఆగకండి. దరఖాస్తు చేయమని ఇప్పుడే వెళ్లి చెప్పండి.