విసిరిన చెయ్యి

1913 వేసవి. ఒహైయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్, సెలవుల జనంతో కిటకిటలాడే చోటు. అక్కడ వేసవి కొలువుకు కుదిరిన ఇద్దరు నోటర్‌డామ్ యూనివర్సిటీ కుర్రాళ్లు పని అయిపోగానే బంతి పట్టుకుని ఇసుకలోకి దిగేవాళ్లు. ఒకడు విసరాలి. రెండోవాడు కాళ్లు కూరుకుపోతున్నా పరుగు ఆపకుండా దాన్ని చేతుల్లోకి తీసుకోవాలి. పట్టేవాడు నూట్ రాక్నీ. విసిరేవాడు గస్ డొరే, జట్టు క్వార్టర్‌బ్యాక్. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు!

అప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఒకరి మీద ఒకరు పడి తోసుకోవడమే. 1905లో ఆటగాళ్ల ప్రాణాలు పోయి గగ్గోలు పుట్టాక, 1906లో బంతిని ముందుకు విసరనిచ్చారు. 1912లో ఆ విసురుకు ఉన్న 20 గజాల హద్దూ ఎత్తేశారు. ముందుగా విసిరింది నోటర్‌డామ్ వాళ్లేమీ కాదు, సెయింట్ లూయిస్ జట్టు 1906లోనే విసిరింది. అయినా పెద్ద జట్లు ఇలా విసిరే పాస్‌ను నమ్ముకోలేదు.

1913 నవంబర్ 1. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ మైదానం. ఎదురుగా బలిష్ఠమైన ఆర్మీ జట్టు. రాక్నీ కుంటుతున్నట్టు నటించాడట, ఆ సంగతి తర్వాత తనే చెప్పుకున్నాడు. కాపలా కాసేవాడు వీడితో ఏమవుతుందిలే అని వదిలేశాడు. ఒక్కసారిగా రాక్నీ లంఘించాడు. డొరే చెయ్యి వెనక్కి వెళ్లింది, బంతి గాల్లో తిరుగుతూ లేచింది. పరుగు తగ్గకుండానే రాక్నీ అందుకున్నాడు. టచ్‌డౌన్! సగం ఆటకు 14-13. ఆఖరికి 35-13తో నోటర్‌డామ్ గెలుపు. డొరే విసిరిన 17 పాస్‌లలో 14 అందాయి, మొత్తం 243 గజాలు.

పేరు మాత్రం పట్టినవాడిదైంది. రాక్నీ నోటర్‌డామ్‌కే కోచ్ అయ్యి దేశమంతా పేరు మోగించాడు. 1940లో అతని మీద సినిమా వచ్చింది. డొరే అందులో పక్క పాత్ర. నాకది అన్యాయమనే అనిపిస్తుంది. గురి తప్పకుండా విసిరే చెయ్యి లేకపోతే ఆ పరుగుకు అర్థమేముంది?

డొరే డుబ్యూక్, గొంజాగా కాలేజీ జట్లకు శిక్షణ ఇచ్చి, 1925 నుంచి 18 సీజన్లు డెట్రాయిట్ యూనివర్సిటీ జట్టును నడిపాడు. 1928లో ఆ జట్టు ఆడిన 9 ఆటలూ గెలిచింది. 1943లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లోని డెట్రాయిట్ లయన్స్ పగ్గాలు చేతికొచ్చాయి. అంతకుముందు ఏడాది 11 ఆటలకు 11 ఓడిన జట్టది. 1943 నవంబర్ 7న న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట 0-0గా ముగిసింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సున్నా సున్నాతో ముగిసిన ఆట ఆ తర్వాత ఇంకొకటి లేదు. గాల్లోకి విసిరిన బంతితో ఆట రూపాన్నే మార్చిన మనిషికి అలాంటి రోజు! అయినా 1945 సీజన్‌కల్లా అదే జట్టును 7 ఆటల్లో గెలిపించాడు. తర్వాతి రెండేళ్లు కలిసిరాలేదు, 1947తో ఆ కొలువు పోయింది.

1954 జనవరి 3న డొరే కన్నుమూశాడు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ ఏడాదే అతనికి చోటిచ్చింది, కోచ్‌ల వరసలో.