లారీ కిరాయికి జామీను ఎవరు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, సరుకు దారుల లెక్కలో ఈ మూడూ ఒకే సీమ. కర్నూలు వైపు నుంచి హైదరాబాదు చేరాలంటే ఈ నేల దాటాల్సిందే. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా కృష్ణ దాటి ఈ సీమ మీదుగానే హైదరాబాదు వెళ్లాడు. ఈ దారుల్లో ఏ సరుకు నడిచిందో చరిత్రకారులు రాశారు. మోసినవాడికి కిరాయి ముట్టిందా లేదా అన్నది మాత్రం ఎక్కడో గాని కనబడదు.

మొదట్లో ఆ ప్రశ్నే లేదు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని తిరిగిన లంబాడీలు చాలాసార్లు ఆ సరుకు తామే కొని, తామే మోసి, తామే అమ్ముకునేవారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన ఆంగ్లేయ సేనాని కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు అందించింది ఈ బిడారులే. మోసేవాడే వ్యాపారి అయినప్పుడు కిరాయి బాకీ ఎక్కడిది?

బండ్ల కాలం వచ్చేసరికి సరుకు షావుకారుది, ఎద్దులు బండివాడివి. నమ్మకం అప్పుడు అవసరమైంది. అయినా ఇద్దరూ ఎరిగున్నవాళ్లే. ఒకే సంతకు వచ్చేవాళ్లు, ఒకరి గడప ఒకరికి తెలుసు. చిక్కంతా నాణెంతోనే. తుంగభద్రకు ఇటు నిజాం హాలీ సిక్కా, అటు మద్రాసు ప్రెసిడెన్సీలో కల్దారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. కాబట్టి కిరాయి ఎంతో తేల్చుకుంటే చాలదు, ఏ రూపాయల్లోనో కూడా ముందే తేల్చుకోవాలి. దూరపు వర్తకులకు హుండీలుండేవి. వాటిలో జోఖమీ హుండీ అనే రకం సరుకు క్షేమంగా చేరితేనే చెల్లేది. వర్తకుడికి అంత పకడ్బందీ కాగితం ఉన్న కాలంలోనూ బండివాడి చేతిలో ఉన్నది మాట ఒక్కటే.

ఆంగ్లేయుల చట్టమూ ఆ తేడాను చెరపలేదు. 1865 క్యారియర్స్ చట్టం కింద సరుకు పోతే, మోసినవాడి నిర్లక్ష్యమే కారణమని యజమాని రుజువు చేయాల్సిన పని ఉండేది కాదు. మోసినవాడి కూలి ఎవరు ఎప్పుడివ్వాలో అందులో లేదు. తర్వాత మీటర్ గేజి రైలు గద్వాల మీదుగా సాగింది. రైలు రసీదు మీద బ్యాంకులు అప్పిచ్చేదీ వర్తకుడికే.

లారీలు వచ్చాక బీచుపల్లి దగ్గర పుట్లలో కృష్ణ దాటే రోజులు పోయాయి. 1975లో నేషనల్ పర్మిట్లు మొదలై ఈ సీమ లారీ ఎన్నో రాష్ట్రాలు తిరగసాగింది. దాంతో పాత ఎరుక తెగిపోయింది. పెబ్బేరు ఓనరుకు చెన్నై పార్టీ ఎవరో తెలియదు, ఆ పార్టీకి ఇతనూ తెలియదు. ఆ ఖాళీలో బ్రోకరు నిలబడ్డాడు. అతను అమ్మేది లారీ కాదు, సరుకూ కాదు. ఇద్దరికీ తాను తెలిసి ఉండటమే అతని పెట్టుబడి. అందుకే కమీషన్ తీసుకున్నవాడు కిరాయికి జామీనుగా కూడా ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఒక లోడు ఎలా నడుస్తుందో చూడండి. మిల్లరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. అక్కడ బండి లేకపోతే బ్రోకరు వెతికి పెడతాడు. టన్నుకింత అని బేరం కుదురుతుంది. లోడింగ్ అయి, కాటా చిట్టీ, బిల్టీ (సరుకు రసీదు) చేతికొస్తాయి. అడ్వాన్సులో డీజిలు, టోలు, డ్రైవరు బత్తా వెళ్లిపోతాయి. ఓనరుకు మిగిలేదేదైనా ఉంటే అది బ్యాలెన్సులోనే. ఆ బ్యాలెన్సు సరుకు దించి, ముద్ర వేసి, సంతకం పెట్టిన బిల్టీ కాపీ తిరిగి ఆఫీసు చేరాకే. సరుకు దిగిందంటే లారీవాడి పట్టు జారినట్టే. అక్కణ్ణుంచి తరుగు, తడి, ఆలస్యం పేరిట కోతలు. ఆ పైన ‘పార్టీ ఇంకా వెయ్యలేదు’ అనే జవాబు. పార్టీ నిజంగా వెయ్యలేదా, వేసిన డబ్బు మధ్యలో వాడుకున్నారా, ఓనరుకు తెలిసే దారి లేదు. సరుకు దించుకునేవాడే కిరాయి కట్టే టు-పే లోడుకు చాలామంది ఇష్టపడేది ఇందుకే. అందులో తాడు విప్పేముందే డబ్బు అడగొచ్చు.

యాసంగి వడ్లదీ ఇదే కథ. కల్లం నుంచి మిల్లుకు మోసిన లారీకి సాక్ష్యం ట్రక్ షీటు. రవాణా కాంట్రాక్టరుకు సర్కారు బిల్లు వస్తేగాని లారీకి కిరాయి రాదు. ఈలోగా ఫైనాన్సు కిస్తీ ఆగదు.

1988 మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ సరుకు బుకింగ్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలంది, 50,000 రూపాయలకు మించకుండా డిపాజిట్ పెట్టించవచ్చంది. 2007లో వచ్చి 2011 మార్చి 1న అమలైన రోడ్డు రవాణా చట్టం బ్రోకరును కూడా క్యారియర్ నిర్వచనంలో చేర్చింది. అయితే దాని చూపు కూడా ముఖ్యంగా సరుకు నష్టం మీదే. అమెరికాలో 2013 అక్టోబరు నుంచి ప్రతి సరుకు బ్రోకరూ 75,000 డాలర్ల బాండు చూపాలి. అంతకుముందు 10,000 ఉండేది. కిరాయి ఎగ్గొడితే లారీ కంపెనీ ఆ బాండు మీద దావా వేసుకోవచ్చు. మన యాభై వేలు 1988 నాటి అంకె. దూరపు లోడు ఒక్కదాని కిరాయికే అది చాలని రోజులివి.

ఈ-వే బిల్లు, ఫాస్టాగ్ వచ్చాక లారీ ఎక్కడుందో చెప్పడం తేలికైంది. ఫోన్‌లో డబ్బు నిమిషంలో పడుతోంది. ఇవ్వాలనుకున్నవాడికి ఆలస్యానికి సాకు లేదు. ఇవ్వదలచుకోనివాణ్ణి మాత్రం ఏ యాప్ కదిలించలేదు.

చేతిలో ఉన్న ఆయుధం ఒకటుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు సేవ తాలూకు డబ్బు 45 రోజులు దాటకుండా ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఒకే లారీ ఉన్న ఓనరూ ఉద్యమ్‌లో ఉచితంగా నమోదు కావచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు లారీ ఓనర్లారా, ముందు ఆ పని చేయండి. కిరాయి, బ్యాలెన్సు గడువు, కోతల లెక్క కాగితం మీద రాయించుకోకుండా లోడు ఎత్తకండి. బ్రోకరు డిపాజిట్ పెంచమని మీ సంఘాల తరఫున ప్రభుత్వాన్ని అడగండి.